తోడు

పార్క్‌లేన్‌లో మెట్ల కింది కొట్టులో కొన్న డబ్బా ఇది.
పక్కన ఏదో బ్యాంకు వాళ్ల చీటీ ఇంకా ఊడలేదు,
కౌంటర్ నంబర్ నాలుగు, అని.
ఏడువేల ఐదొందలన్నాడు, ఆరుకిచ్చాడు,
మౌసు ఊరికే.
రాంనగర్‌లో మూడో అంతస్తు దాకా
ఆటో అతనే మోసుకొచ్చాడు
పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

ల్యాబ్‌లో రోజంతా వేరేవాళ్ల రిపోర్టులు ప్రింటు తీస్తాను.
ఒక్కటైనా నా చేత్తో పుట్టాలని.

సిద్ధంగా దొరికే కంపైలర్ దీనికి పడలేదు.
దించుకున్నాను, ఎక్కించాను, పిలిచాను.
ఈ ప్రాసెసర్‌కి తెలియని ఆజ్ఞ, అని కూలబడింది.
వండిన కూడు ఒంటికి పడనివాళ్లు
బియ్యం తెచ్చుకోవాలి మరి.
సోర్స్ తెచ్చుకున్నాను.

కానీ కంపైలర్ కట్టడానికి కంపైలర్ కావాలట.
చదివి నవ్వొచ్చింది.
అప్పుడే తలుపు దగ్గర తహ్‌సీన్, స్టీలు గిన్నెతో:
"ఆంటీ, అమ్మీ జర తోడు అడిగింది."
ఫ్రిజ్ తీసి చెంచాడు వేశాను.
"పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే వెయ్యమను."
"తెలుసు ఆంటీ, రోజూ చెప్తరు."

సిస్టమ్‌తో పాటు వచ్చిన పాత కంపైలర్ ఒకటుంది.
ముసలిది, కొత్త మాటలు సగం తెలియవు.
అదే తోడు.

మొదటిసారి గడప దాటలేదు.
ఫోల్డర్‌కి 'కొత్త పని' అని పేరు పెట్టాను, తెలుగులో.
'కొత్త' దగ్గరే ఆగిపోయి
అలాంటి చోటే లేదంది.
మధ్య ఖాళీ తీసేశాను. ఈసారి అక్షరాల్ని పట్టుకుంది,
ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేసి చూసి
ఎవరు నువ్వు, అని.
చివరికి రెండు ఇంగ్లీషు అక్షరాలు పెట్టాను, కె, పి.
కదిలింది.
నేను కాసేపు కదల్లేదు.

పదకొండున్నరకి, నాలుగు పనులు ఒకేసారి చెయ్యమన్నాను.
ఆశ.
ఫ్యాను కారం గిర్నీలా అరిచింది.
హెచ్చరికలు, హెచ్చరికలు,
ఎవరో ఎప్పుడో పెట్టుకుని వాడడం మర్చిపోయిన వేరియబుళ్లు.
ఎవరింట్లో లేవులే అలాంటివి.
ఒంటిగంటన్నరకి ఒకటే మాట: చంపబడింది.
ఎవరు చంపారో రాయలేదు.
నాకు తెలుసు, ఇంత మెమరీకి నలుగురు కూలీలు ఎక్కువ.
డిస్కులో కొంత జాగా స్వాప్‌కి ఇచ్చి
ఒక్కణ్ణే పనికి పిలిచాను.

నాలుగున్నరకి నల్లా వచ్చింది.
కింద ఐదు మోటార్లు ఒక్కసారి.
ట్యూబ్‌లైటు కన్ను కొట్టింది, తెర వణికింది.
బకెట్ వదిలేసి
యూపీఎస్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను,
జ్వరం చూస్తున్నట్టు.

పాతది కొత్తదాన్ని కడుతుంది.
ఆ కొత్తది తనను తానే మళ్లీ కట్టుకుంటుంది.
అది ఇంకోసారి.
చివరి రెంటినీ పక్కపక్కన పెట్టి
బైటుకు బైటు పోల్చి చూస్తుంది.
మొదటి రోజు పెరుగులో పక్కింటి పులుపుంటుంది,
మూడో రోజుకి గానీ మన గిన్నె వాసన రాదు.

మరి అన్నిటికంటే మొదటిదానికి
తోడు ఎవరిచ్చారు?
తోడు దొరకని రోజు మా మేనత్త వరదమ్మ
పాలల్లో పచ్చిమిరప తొడిమలు వేసేది.
పొద్దుటికి తోడుకునేది,
కొంచెం జిగురుగా, కొంచెం ఘాటుగా.
ఎక్కడో ఎవరో అలాగే
ఒక్కో అంకె చేత్తో తుంచి వేసుంటారు,
వేళ్లు మండుతుంటే.

ఆరూ పదికి పోలిక సరిపోయింది.
ఒక్క బైటు తేడా లేదు.
కర్సర్ వచ్చి నిలబడింది, అంతే.
మూడు లైన్ల ప్రోగ్రాం రాశాను,
కొత్త పని, అని చూపించమని.
చూపించింది.
త ఒత్తు కాస్త పక్కకి జరిగింది, సాయంత్రం చూద్దాం,
తొమ్మిదికి విద్యానగర్‌లో కౌంటర్ తెరవాలి.

గిన్నె తిరిగొచ్చింది,
లోపల రెండు ఖర్జూరాలతో.

పాత కంపైలర్ ఇక తీసేయొచ్చని సూచనల్లో ఉంది.
జాగా కూడా కలిసొస్తుంది.
తియ్యలేదు.
ఏ రాత్రో ఎవరైనా
గిన్నె పట్టుకుని వస్తే?